శరణార్థులును లోకాభిప్రాయమును

శరణాగతుని విడువరాదని బోధించు కథలలో శిబిచక్రవర్తి కథ మన పిల్లలందఱకును తెలిసినదే. పావురమును కాచుటకై యాతడు తన శరీరమునుండియే మాంసమును కోసి యిచ్చెను. ఒరుల యనుమతిని వేడ నక్కఱ లేకపోయెను. ప్రజాప్రభుత్వమునందలి మంత్రి స్థితి యట్టిది కాదు. అతడు శరణార్థికిచ్చు కూడును గూడును ప్రజల సొత్తు. కావున "ఇందులకు ప్రజలు సమ్మతింతురా?" యని యతడు సందేహించుట తప్పు కాదు. అయితే ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమును ప్రజలనుండి వినవలయునా, తానే యూహించుకొనవచ్చునా? రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లాండులో జరిగిన యొక వివాదము ఈ విషయమున మిగుల బోధకము.

ఎలియనార్ రాత్‌బోన్ 1929 మొదలు 1946 లో మరణించువఱకు, ఏ రాజకీయకక్షియందును చేరక, ఆంగ్ల విశ్వవిద్యాలయముల పక్షమున కామన్సు సభలో సభ్యురాలుగా నుండెను. మన దేశమునకు ఈమె పేరు క్రొత్త కాదు. అంత ప్రియమైనదియు కాదు. 1934 లో మన బాల్యవివాహములను ఖండించుచు నొక గ్రంథమును ప్రకటించెను. 1941 లో యుద్ధమునకు తోడ్పడలేదని భారతీయులను మందలించుచు బహిరంగలేఖ వ్రాయగా, రోగశయ్యనుండి రవీంద్రనాథ ఠాకూరు దానికి తీవ్రమైన ప్రత్యుత్తర మిచ్చెను. మనయెడ నామె చూపిన పెద్దఱికమును మఱువ నక్కఱలేదు. కాని హిట్లరు బారినుండి పాఱివచ్చిన యూదులకై యామె తన ప్రభుత్వముతోనే సలిపిన పోరాటమునకు ఆ కారణమున విలువ తగ్గదు.

1940 మే నెలలో జర్మనులు హాలెండు, బెల్జియములపై బడగా ఇంగ్లాండులో భీతి ప్రబలెను. శరణార్థుల వేషమున గూఢచారులు వచ్చియుందురని పత్రికలు వ్రాసెను. శత్రుదేశీయుల నందఱిని నిర్బంధింపుడని కేకలు లేచెను. సుమారు 27,000 మంది నిర్బంధింపబడిరి. వారిలో పెక్కురు హిట్లరునకు వెఱచి వచ్చినవారే! జూలై 2 న నిర్బంధితులను కెనడాకు గొనిపోవుచున్న అరండోరా స్టార్ అను ఓడను జర్మను జలాంతర్గామి ముంచివేయగా 800 మందికి పైగా మరణించిరి. జూలై 10 న రాత్‌బోనును మఱికొందఱు సభ్యులును కామన్సు సభలో ఈ నిర్బంధనీతిని ఖండించిరి. కొలది వారములలోనే పత్రికల స్వరము మాఱెను. ప్రభుత్వము విడుదలకు నియమములను ప్రకటించెను. మఱుసటి సంవత్సరమున కధికసంఖ్యాకులు బయటికి వచ్చిరి. రెండు నెలలలో మాఱిన యీ భావమును మార్పులేని లోకాభిప్రాయమని యెట్లు చెప్పగలము?

1942 అక్టోబరులో రాత్‌బోనును, పలువురు ప్రముఖులును హోంమంత్రి హెర్బర్ట్ మారిసనును దర్శించిరి. ఫ్రాన్సులో జర్మనుసేనలు ఇంకను ఆక్రమింపని భాగమునందున్న యూదులలో పిల్లలకును వృద్ధులకును ఆశ్రయ మిమ్మని వేడిరి. ప్రజలలో యూదద్వేషము నివురుగప్పిన నిప్పువలె నున్నదనియు, క్రొత్తవారు వచ్చినచో రగులుకొనుననియు మంత్రి సమాధానము. కొలదిమంది పిల్లలకు మాత్రమే అనుజ్ఞ దొరకెను. ఇంతలో నవంబరు 11 న జర్మనుసేనలు ఆ భాగమునందును ప్రవేశించెను. తెఱచియున్న ద్వారము మూతపడెను.

డిసెంబరు 17 న యూదుల సామూహికవధను గూర్చిన మిత్రరాజ్యముల ప్రకటనమును ఈడెన్ చదువగా, సభ్యులందఱు లేచి మౌనముగా నిలిచిరి. 1943 ఆరంభమున గాలప్ సంస్థ, మరణభయముననున్న యూదులను దేశమునకు రానీయవచ్చునా యని ప్రజలనే యడిగెను. నూటికి 78 మంది రానీయవచ్చుననిరి. వారిలో నధికులు కొంతకాలపు టాశ్రయమునకే సమ్మతించిరను మాట దాచరాదు. కాని రాత్‌బోను కోరినదియు ప్రాణములు నిలుచువఱకు తలదాచుకొను చోటే. ఆమె యా సంవత్సరమే యొక చిన్న పుస్తకమును వెలువరించి మంత్రుల యాక్షేపణములకు సమాధానము చెప్పెను. అయినను ఏప్రిలులో బెర్ముడాలో జరిగిన ఆంగ్ల అమెరికా ప్రతినిధుల సమావేశమువలన చెప్పదగిన ఫలము లేకపోయెను.

"లోకులు సమ్మతింపరు" అను వాక్యము మన సంస్కర్తలకు చిరపరిచితము. ఆ వాక్యమును పలుకువారు లోకులను అడిగి పలుకుట అరుదు. ఇంగ్లాండు కథలో ప్రజలను అడిగిరి, ప్రజలు చెప్పిరి, ప్రభుత్వము కదలలేదు. దీనికి మంత్రులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. రగులునేమోయని శంకించిన ద్వేషమును మంత్రులు బలముగా నెంచిరి. ఇంట కూర్చుండి "సరే" యన్న కరుణను అట్లెంచలేదు. ద్వేషించువాడు పిలువకయే పలుకును. దయగలవాడు అడిగినగాని పలుకడు. చదువరులారా, ఏ కాలమున, ఏ దేశమున శరణార్థి వాకిట నిలిచినను, సజ్జనులు అడుగకముందే పలుకుట నేర్వవలయును. అట్లు పలుకనిచో, వారి మౌనమును మంత్రులు నిరాకరణముగనే లెక్కింతురు.