విశాఖ వడ్రంగశాలలో చెయ్యి, యంత్రం, చట్టం

పద్దెనిమిదవ శతాబ్దంలో విశాఖపట్నం పేరు ఐరోపా సంపన్న గృహాలకు చేరడానికి అక్కడి రేవు ఎంత కారణమో, ఆ ఊరి కొయ్యపనివారు కూడా అంతే కారణం. రోజ్‌వుడ్‌గా పిలిచే ఇరుగుడు చేవపైనా, ఎబొనీ అనే నల్లచేవ కలపపైనా ఏనుగు దంతాన్ని పొదిగి, ఆ దంతంపై సన్నని గీతలు చెక్కి, గీతల్లో నల్లని లక్క నింపి వారు చేసిన పెట్టెలూ, బల్లలూ, అద్దపు చట్రాలూ ఈనాటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్ల కనిపిస్తాయి. ఈ పని సౌందర్యాన్ని గురించి కళాచరిత్రకారులు చాలా రాశారు గాని, దాన్ని చేసిన వేళ్లు ఎలా భద్రంగా ఉన్నాయన్న ప్రశ్నను అంతగా పట్టించుకోలేదు. దంతాన్ని కాగితమంత పలుచని రేకులుగా చేతిరంపంతో కోయడంలో చెయ్యి పళ్లకు అతి సమీపంగా నడుస్తుంది కాబట్టి ఆ ప్రశ్న అసందర్భమైనది కాదు.

చేతి పనిముట్ల కాలంలో రక్షణ పనిముట్టులో కాక పనివాడి శరీరంలో ఉండేది. రంపం, ఉలి, బాడిస, చిత్రిక, బర్మా వీటన్నింటికీ చోదకశక్తి భుజబలమే కావడంవల్ల నొప్పి తగిలిన క్షణంలోనే పనిముట్టు కూడా ఆగిపోయేది. గాయం ఒక్క వేటుకో, ఒక్క జారుకో పరిమితమయ్యేది. వీటిలో ప్రమాదకరమైనది బాడిస, ఎందుకంటే నిలబడి దుంగను చెక్కే మనిషి దానిని తన పాదాలవైపే విసురుతాడు. పెద్ద మానులను పలకలుగా కోసేటప్పుడు ఒకరు పైన, ఒకరు కింద నిలిచి రంపాన్ని లాగే పద్ధతిలో రంపంపొట్టు అంతా కిందివాడి కళ్లలో పడేది. పని నేర్వవచ్చిన కుర్రవాడిచేత ముందుగా ఊడ్పించి, సామాను అందింపజేసి, ఆ తరువాత పనిముట్లు నూరించేవారు. ఈ క్రమం కేవలం చాకిరీ కాదు: మొద్దుబారిన ఉలికి ఎక్కువ బలం పెట్టాలి, ఎక్కువ బలం పెట్టిన ఉలి జారినప్పుడు దూరం పోతుంది, కనుక పదును పెట్టడం నేర్చినవాడు తెలియకుండానే రక్షణలో మొదటి పాఠం నేర్చినట్టే.

విశాఖకు నైరుతిగా వరాహ నది ఒడ్డున, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న ఏటికొప్పాక, చేతిపనికీ యంత్రానికీ మధ్య మెట్టును చూపుతుంది. అంకుడు కర్రను తిరుగుడు సాధనంపై బిగించి బొమ్మలుగా మలిచే ఈ వృత్తిలో పాతకాలపు లేతు ఇద్దరు మనుషుల యంత్రం: ఒకరు ఇరుసుకు చుట్టిన తాడును ఇటూ అటూ లాగుతుంటే, రెండవవారు ఉలి పట్టి కర్రను తొలిచేవారు. ఇరుసు ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తిరిగేది కాబట్టి ఉలి సగం సమయమే కోసేది; తాడు లాగే మనిషి చెయ్యి ఆపితే కర్ర ఆగిపోయేది. తాడు లాగే ఆ మనిషి, కార్మిక చట్టాల భాషలో చెప్పాలంటే, అత్యవసరంగా యంత్రాన్ని ఆపే ఏర్పాటు కూడా. కరెంటు మోటారు వచ్చాక ఇరుసు నిరంతరం ఒకే దిక్కుకు తిరిగి ఉత్పత్తి పెరిగింది గాని, తాడు లాగే సహాయకుడితోపాటు ఆ ఏర్పాటు కూడా తొలగిపోయింది. తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీని ఒత్తిపెట్టి, రాపిడి వేడికి కరిగిన రంగును మొగలి ఆకుతో నునుపు చేసే ఆచారం మాత్రం నిలిచింది. గుడ్డ అయితే ఇరుసుకు చుట్టుకుని వేలిని లోపలికి లాగగలదు, ఆకు చిరిగిపోతుంది. ఆకును ఎన్నుకున్నది మెరుపు కోసమే అయినా, ఈ లాభం అడగకుండా దక్కింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు సహజరంగులకు వచ్చిన ప్రచారంలో ఈ విషయానికి చోటు దొరకలేదు.

యంత్రపు వడ్రంగం మూలాలు నౌకానిర్మాణంతో ముడిపడి ఉన్నాయి. గుండ్రని పళ్లచక్రంతో కలప కోసే రంపానికి, అంటే సర్క్యులర్ సా కు, ఇంగ్లండులో సామ్యూల్ మిల్లర్ 1777లోనే హక్కుపత్రం పొందాడు. ఓడ తాళ్లను నడిపే కొయ్య కప్పీలను లక్షల సంఖ్యలో తయారుచేయడానికి మార్క్ బ్రూనెల్ రూపొందించిన యంత్రాలను పందొమ్మిదో శతాబ్దం తొలి సంవత్సరాల్లో పోర్ట్స్‌మత్ నౌకాంగణంలో అమర్చారు. చేతిరంపానికీ యంత్రరంపానికీ ఉన్న భేదం వేగంలోనే ఉంది. 12 అంగుళాల రంపపు చక్రం నిమిషానికి 3,000 సార్లు తిరిగితే దాని అంచున ఉన్న పన్ను సెకనుకు సుమారు 48 మీటర్లు, అంటే గంటకు 170 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. తగిలిందని మెదడు గ్రహించే లోపలే నష్టం పూర్తవుతుంది. అనుభవం, నిదానం, భయం వంటి పాత రక్షణలు ఈ వేగం ముందు చాలవు గనుక, రక్షణ మనిషి శరీరాన్ని విడిచి యంత్రంలోకి ఇనుప భాగంగా ప్రవేశించవలసి వచ్చింది, దాన్ని ప్రవేశపెట్టించే బాధ్యత చట్టానికి వచ్చింది.

భారతదేశంలో ఆ చట్టం 1881లో మొదలైంది. బాలకార్మికుల పనిగంటలకు పరిమితి పెట్టడంతోపాటు ప్రమాదకరమైన యంత్రభాగాలకు కంచె వేయాలని ఆ ఫ్యాక్టరీల చట్టం ఆదేశించింది గాని, వందమంది కార్మికులు, ఆవిరి వంటి యంత్రశక్తి ఉన్న చోట్లకే అది వర్తించింది. ఆ సంఖ్య 1891లో 50కి, 1922లో 20కి, స్వాతంత్ర్యం తరువాత 1948 చట్టంలో 10కి తగ్గుతూ వచ్చింది. వడ్రంగం చరిత్రకు ఈ అంకెలే కీలకం. నలుగురైదుగురు కలిసి పనిచేసే కొట్టు ఈ సంఖ్యల్లో దేనికీ అందలేదు, కాబట్టి విశాఖ వడ్రంగుల్లో అత్యధికులకు చట్టం తమ వీధిలోకి రాలేదు. అది వచ్చిన చోటు రేవు పక్కన వెలసిన పెద్ద పరిశ్రమ.

1933లో రేవు ప్రారంభమయ్యాక ఎనిమిదేళ్లకు, 1941 జూన్ 21న, వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వంలోని సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ నౌకాకేంద్రానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏప్రిల్‌లో జపాను విమానాలు నగరంపై బాంబులు వేసినా పని చివరకు కొనసాగింది. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగా 'జల ఉష' నీటిలోకి జారింది. 1952లో ప్రభుత్వం ప్రధాన వాటాదారు కావడంతో సంస్థ హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. ఉక్కుతో ఓడలు కట్టే చోట వడ్రంగికి పనేమిటని అనిపించవచ్చు. కాని ఆ కాలపు నౌకాకేంద్రాల్లో ఓడ రూపురేఖలను అసలు పరిమాణంలో గీసే మౌల్డ్ లాఫ్ట్ అనే విశాలమైన గది నేల కొయ్యదే. ఆ గీతలనుంచి ఉక్కు పలకలను కోయడానికి తీసే అచ్చులు కొయ్యవే. నిర్మాణంలో ఉన్న ఓడ బరువును మోసే దిమ్మెలు, అది నీటిలోకి జారే దారి, నావికుల గదుల్లోని అరలూ మంచాలూ అన్నీ కలపతో చేసేవారు. ఈ పరిమాణంలో కలపను చేతిరంపంతో కోయడం అయ్యేపని కాదు.

1949 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఫ్యాక్టరీల చట్టం ఇటువంటి పనిశాలలకు స్పష్టమైన భాష ఇచ్చింది. 21వ సెక్షన్ యంత్రాలకు కంచె గురించి, 23వ సెక్షన్ శిక్షణ లేని చిన్నవయసువారిని ప్రమాదకర యంత్రాలపై పెట్టకూడదన్న నిషేధం గురించి, 24వ సెక్షన్ శక్తిని వెంటనే తెంచే ఏర్పాటు గురించి చెప్పాయి. ఒకే ఇరుసుకు తోలుపట్టాలు వేసి అనేక యంత్రాలను నడిపే పాత పద్ధతిలో ఒక యంత్రం ఆగాలంటే పట్టాను పక్కనున్న ఖాళీ చక్రంపైకి జరపాలి. చేత్తో జరపబోయి చెయ్యి పోగొట్టుకోకుండా దానికొక మీటను ఈ సెక్షన్ తప్పనిసరి చేసింది. నడుస్తున్న యంత్రాన్ని పరీక్షించవలసివస్తే ప్రత్యేక శిక్షణ పొందిన వయోజన పురుషుడే, యజమాని ఇచ్చిన బిగుతైన దుస్తులు వేసుకుని, రిజిస్టరులో పేరు నమోదైన తరువాతే ఆ పని చేయాలని 22వ సెక్షన్ నిర్దేశించింది. పంచె, కండువా కట్టుకుని పనిచేసే దేశంలో ఆ దుస్తుల నిబంధన చిన్నది కాదు. చేతి తొడుగుల విషయంలో వడ్రంగశాల రీతి వేరు: గరుకు దుంగలు మోసేటప్పుడు అవి మేలు చేస్తాయి గాని, తిరిగే పళ్ల దగ్గర తొడుగు అంచు చిక్కుకుంటే చెయ్యి మొత్తం దానివెంట పోతుంది.

చట్టం కింద రాష్ట్రం చేసిన నియమాల్లో, అంటే ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల నియమాలు, 1950లో, కొయ్యపని యంత్రాలకు ఒక ప్రత్యేక అనుబంధం ఉంది. దాని పూర్వరూపం బ్రిటన్‌లో 1922లో వెలువడిన నిబంధనలు. అనుబంధంలో అత్యంత విలువైనది రైవింగ్ నైఫ్, అంటే సర్క్యులర్ రంపం వెనుక, దాని వంపునే అనుసరిస్తూ నిలబెట్టే ఉక్కు రెక్క. కోస్తున్న పలకలో దాగిన బిగువు విడివడినప్పుడు కోత మూసుకుని చక్రాన్ని ఇరికిస్తుంది. వెనుకవైపు పళ్లు పైకి లేస్తూ తిరుగుతాయి కనుక పలకను ఎత్తి, నిలబడ్డ మనిషి మీదికి విసురుతాయి. రెక్క కోతను తెరిచి ఉంచి ఈ ఎదురుదెబ్బను ఆపుతుంది. చక్రంపై ఒక మూత, కోత చివరలో పలకను నెట్టడానికి వేళ్లకు బదులు ఒక తోపుడు కర్ర కూడా తప్పనిసరి. చిత్రిక యంత్రం, అంటే ప్లానర్ విషయంలో నియమం మరింత సూక్ష్మమైనది. మొదటి తరం ప్లానర్లలో బ్లేడ్లు బిగించే దిమ్మె చదరంగా ఉండి, బల్ల చీలికలో పెద్ద సందు ఏర్పడేది, జారిన వేళ్లు అందులోకి లోతుగా పోయేవి. దిమ్మెను గుండ్రంగా చేయడంతో సందు ఇరుకై, ప్రమాదం జరిగినా గాయం వేలి కొనకు పరిమితమవుతుంది. చేత్తో కలప నెట్టే ప్లానర్లకు గుండ్రని దిమ్మె, చీలికను పూర్తిగా కప్పగల వంతెన వంటి మూత ఉండాలని నియమం. హెచ్చరిక పలకలకంటె ఆ దిమ్మె ఆకారం ఎక్కువ వేళ్లను కాపాడి ఉంటుందనడం అతిశయోక్తి కాకపోవచ్చు.

కాపాడలేకపోయిన వేళ్లకు చట్టం వెల కూడా కట్టింది. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం బొటనవేలు పోతే సంపాదనశక్తిలో 25 శాతం, చూపుడువేలు పోతే 10 శాతం, మరే వేలు పోయినా 5 శాతం నష్టమని పట్టికలో రాసింది. మోచేతికి పైన కుడిచెయ్యి పోతే 70, ఎడమచెయ్యి పోతే 60 అని రెండు చేతులకూ తేడా పెట్టింది. తరువాతి సవరణలతో బొటనవేలు 30, చూపుడువేలు 14, మధ్యవేలు 12, ఉంగరపు వేలు గాని చిటికెనవేలు గాని 7 శాతం అయ్యాయి. ఈ అంకెలు అన్ని వృత్తులకూ ఒకటే. పట్టిక గుమాస్తా చూపుడువేలునూ, ఉలి మొనను చూపుడువేలితోనే నడిపే చెక్కడపు పనివాడి వేలునూ వేరుచేసి చూడలేదు.

నౌకాకేంద్రం తరువాత విశాఖకు వచ్చిన మరో పెద్ద పరిశ్రమ ఉక్కు. దానికోసం సాగిన 1966 నాటి ఉద్యమం తరువాత 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారం 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైంది. లోహాన్ని పోత పోయాలంటే ముందు ఇసుకలో ముద్రవేసే నమూనా కావాలి. పోతపనిలో ఆ నమూనాలను చాలాకాలం కొయ్యతోనే చేశారు కాబట్టి ఉక్కు నగరానికి కూడా కచ్చితమైన కొలతల వడ్రంగి అవసరమయ్యాడు. ఇదే కాలంలో మరొక ప్రమాదం శాస్త్రానికి తెలియవచ్చింది: కొయ్యధూళి మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో వర్గీకరించింది. రంపంపొట్టు కంటికి కనబడుతుంది, ముక్కులోకి పోయే సన్నని ధూళి కనబడదు. పాలిష్ కాగితం యంత్రం లేపేది ఎక్కువగా రెండవదే.

యంత్రం బల్లనుంచి లేచి చేతిలోకి వచ్చినప్పుడు ఈ చరిత్ర దిశ మారింది. డ్రిల్, రౌటర్, చేతి ప్లానర్, గ్రైండర్ సంచిలో పట్టేవి కావడంతో వడ్రంగి కొట్టు విడిచి నేరుగా అపార్టుమెంటులోకి వెళ్లి అక్కడే అలమరలు కోసి బిగిస్తున్నాడు. వీటన్నిటిలో విస్తృతంగా వాడేది, ఎక్కువ ఆందోళన కలిగించేది మార్బుల్ కట్టర్. రాతి పలకలు కోయడానికి చేసిన ఈ పరికరానికి కలప కోసే పళ్లచక్రాన్ని తగిలించి వాడుతున్నారు. 110 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 12,000 సార్లు తిరిగితే పన్ను వేగం సెకనుకు సుమారు 69 మీటర్లు, అంటే పైన చెప్పిన 12 అంగుళాల రంపంకంటె కూడా ఎక్కువ. కలప రంపానికి ఉండే, కోత ముగియగానే దానంతట అది మూసుకునే కింది మూత దీనికి లేదు, రైవింగ్ నైఫ్ లేదు, మీటను నొక్కి బిగించే గుండీ మాత్రం ఉంది, కాబట్టి చెయ్యి జారినా చక్రం ఆగదు. దానిని తలకిందులుగా ఒక ప్లైవుడ్ పలక కింద బిగించి బల్లరంపంగా మార్చే అలవాటు 1922నాటి నిబంధనలు నిర్మూలించాలనుకున్న యంత్రాన్నే తిరిగి సృష్టించింది. దీనికి విద్యుత్ ప్రమాదం తోడవుతుంది: రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న పరికరం కూడా, ఇంకా తడి ఆరని కొత్త ఇంటి నేలపై అతుకులు వేసిన వైరుతో నడిస్తే రక్షణ కోల్పోతుంది.

చట్టం ఇక్కడ చాలా దూరంలో నిలబడి ఉంది. భవన నిర్మాణ కార్మికుల 1996 చట్టం పదిమంది పనిచేసే చోట్లను చూసింది, పది లక్షల రూపాయలకు మించని ఖర్చుతో సొంతానికి కట్టుకునే ఇంటిని మినహాయించింది. కలప కోత మిల్లులపై 1969 నుంచి రాష్ట్ర నియమాలు ఉన్నాయి గాని వాటి దృష్టి లైసెన్సు మీద, అడవినుంచి వచ్చిన కలప లెక్కల మీద. మిల్లు అటవీశాఖకు ప్రతి దుంగకూ జవాబు చెప్పాలి, వేళ్ల లెక్క ఆ పుస్తకంలో ఉండదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత స్మృతి మొత్తంగా పదిమంది ఉన్న సంస్థలకు వర్తించినా, యంత్రశక్తి వాడే ఫ్యాక్టరీ నిర్వచనంలోని సంఖ్యను 10 నుంచి 20కి పెంచింది. 1881 నుంచి తగ్గుతూ వచ్చిన అంకె మొదటిసారి వెనక్కు నడిచింది. ఇంటి లోపలి కొయ్యపనికి కూలి సాధారణంగా చదరపు అడుగు లెక్కన కుదురుతుంది. మూత తగిలించడానికి, తోపుడు కర్ర వెతకడానికి, బ్లేడు మార్చేముందు ప్లగ్గు పీకడానికి పట్టే సమయం ఆ లెక్కలోకి రాదు.