బొగ్గు బస్సు నుండి జంటశక్తి కారు వరకు

కృష్ణా డెల్టాలో ప్రయాణముల చరిత్ర ఒక విధముగా ఇంధనపు పొదుపు చరిత్రయే. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియైన పిదప, దాని నుండి బయలుదేరిన కాలువలు పొలములకు నీటిని, పడవలకు దారిని ఒక్కసారే సమకూర్చినవి. బస్తాలతో నిండిన పడవను ఇద్దరు ముగ్గురు మనుష్యులు గట్టుమీద నడచుచు త్రాటితో లాగుకొని పోగలిగెడివారు. నీటిమీద మెల్లగా కదలు వస్తువునకు ఎదురగు నిరోధము స్వల్పమగుటయే దీనికి కారణము. తరువాత రోడ్డు మీదికి మోటారు వచ్చినది. వేగము పెరిగినది, ఖర్చును పెరిగినది. 'గాలనుకు ఎన్ని మైళ్లు?' అని నాడు అడిగిరి. 'లీటరుకు ఎన్ని కిలోమీటర్లు?' అని నేడు అడుగుచున్నారు. ప్రశ్న మాత్రము ఒక్కటే.

బొగ్గుతో నడచిన బస్సులు

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఈ ప్రశ్న మిక్కిలి తీవ్రమైనది. 1941లో మన దేశమున పెట్రోలుకు రేషను ఏర్పడినది. 1942లో బర్మా జపాను వశమగుటతో అక్కడి చమురు బావుల నుండి సరఫరా నిలిచిపోయినది. అప్పుడు ఆంధ్ర జిల్లాలలోని బస్సులకు పొడవైన ఇనుప పీపాలను అమర్చిరి. అందులో కట్టెబొగ్గు నింపి, నిప్పంటించి, చేతితో త్రిప్పు బ్లోయరుతో గాలి ఊదెడివారు.

లోపల జరుగు రసాయన చర్య సులభమైనదే. గాలిలోని ప్రాణవాయువుతో బొగ్గు మండి మొదట బొగ్గుపులుసు వాయువు పుట్టును. అది ఎఱ్ఱగా కాలుచున్న బొగ్గు పొరల గుండా పోవునప్పుడు మరికొంత కర్బనమును కలుపుకొని కార్బన్ మోనాక్సైడుగా మారును. ఇది మండు వాయువు, విషవాయువు కూడ. దీనిని చల్లార్చి, మసిని వడకట్టి, ఇంజనులోనికి పంపెడివారు. కాని వచ్చిన వాయువులో సగమునకు పైగా మండని నత్రజనియే. అందుచేత ఇంజను బలము పెట్రోలుతో నడచునప్పటి కంటె సుమారు మూడవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ, తగ్గెడిది. సమతలమగు డెల్టా రోడ్లపై బండి ఎట్లో సాగినను, ఎత్తు వచ్చినచోట దాని కష్టము తెలిసెడిది.

బొగ్గు బస్సు పెట్రోలును ఆదా చేసినది గాని శక్తిని ఆదా చేయలేదు. ఒక ఇంధనమునకు బదులు మరియొకటి వచ్చినది, అంతియే. ఒకే లీటరు పెట్రోలుతో ఎక్కువ దూరము పోవుట వేరొక సమస్య.

ఇంజనుకు తోడు మోటారు

ఈ రెండవ సమస్యకు మార్గము అంతకు చాల ముందే దొరికినది. 1900 ప్రాంతమున వియన్నాలో లోనర్ కంపెనీ యొద్ద పనిచేయుచున్న ఫెర్డినాండ్ పోర్షె, పెట్రోలు ఇంజనుతో డైనమోను త్రిప్పి, ఆ విద్యుత్తుతో చక్రములలోని మోటార్లను నడపెను. 1905లో బెల్జియము వాడగు హెన్రీ పీపర్, ఇంజనుకు విద్యుత్ మోటారును జతచేయు పద్ధతికి పేటెంటు కోరెను. కాని పెట్రోలు చవుకగా దొరకుచుండుటచే ఈ 'హైబ్రిడ్' బండ్లు మరుగునపడినవి. 1973లో చమురు సంక్షోభము వచ్చిన తరువాత లోకము మరల వీనివైపు చూచినది. 1997 డిసెంబరులో జపానులో టయోటా 'ప్రియస్' విడుదలయ్యెను. విరివిగా ఉత్పత్తియైన మొదటి హైబ్రిడ్ కారు అదియే.

మన దేశమునకు 2008లో హోండా 'సివిక్ హైబ్రిడ్' దిగుమతియైనది. 2013లో టయోటా 'కామ్రీ హైబ్రిడ్' బెంగళూరు సమీపమున బిడదిలో తయారగుట ఆరంభమైనది. 2022లో విడుదలైన హోండా 'సిటీ' హైబ్రిడ్, ప్రయోగశాల పరీక్షలో లీటరుకు 26.5 కిలోమీటర్లు చూపినది. నిజమైన రోడ్డుపై ఏ కారైనను పరీక్షలో చూపినంత దూరము పోవుట అరుదు.

పొదుపు ఎచ్చటి నుండి వచ్చును?

1,300 కిలోగ్రాముల కారు గంటకు 36 కిలోమీటర్ల, అనగా సెకనుకు 10 మీటర్ల, వేగముతో పోవుచున్నదనుకొందము. దాని గతిశక్తి 65,000 జౌళ్లు. బ్రేకు వేసినంతనే ఇదంతయు వేడిగా మారి గాలిలో కలియును. పెట్రోలు శక్తిలో నాలుగవ వంతే చక్రములకు చేరుననుకొన్నచో, మరల ఆ వేగమును పొందుటకు 2,60,000 జౌళ్ల ఇంధనము కావలెను. లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్లుండును గనుక, ఒక్కసారి ఆగి బయలుదేరుటకు 8 మిల్లీలీటర్లు; నూరు సార్లకు 800 మిల్లీలీటర్లు!

హైబ్రిడ్ కారులో బ్రేకు వేయునప్పుడు మోటారే డైనమోగా మారి బాటరీని నింపును. పోవు శక్తిలో సగము మరల చక్రములకు చేరినను 400 మిల్లీలీటర్లు మిగులును. కారు ఆగియున్నంతసేపు ఇంజను ఆగిపోవుట రెండవ లాభము. మెల్లగా పోవునప్పుడు మోటారు పనిచేసి, ఇంజను తనకు అనువైన భారముతోనే నడచుట మూడవది.

విజయవాడ లెక్క

కావున పొదుపు కారును బట్టియే గాక దారిని బట్టియు ఉండును. బెంజి సర్కిల్ వద్ద, ఏలూరు రోడ్డు మీద ఆగుచు కదలుచు తిరుగువానికి మామూలు కారు లీటరుకు 12 కిలోమీటర్లు, హైబ్రిడ్ 20 కిలోమీటర్లు ఇచ్చుననుకొందము. సంవత్సరమునకు 12,000 కిలోమీటర్లకు మొదటిదానికి 1,000 లీటర్లు, రెండవదానికి 600 లీటర్లు పట్టును. లీటరు 110 రూపాయలైనచో మిగులు 44,000 రూపాయలు. హైబ్రిడ్ వెల 4 లక్షలు ఎక్కువయనుకొన్నచో, ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు 9 సంవత్సరములు పట్టును. ఏటా 30,000 కిలోమీటర్లు తిరుగువానికి 4 సంవత్సరములకు లోపుగనే వచ్చును.

ఆ కారే విజయవాడ నుండి మచిలీపట్నమునకు తిన్నని రోడ్డుపై పోయినచో, బ్రేకు వేయు పని తక్కువ. తిరిగి రాబట్టవలసిన శక్తియు తక్కువ. అప్పుడు రెండు కార్లు 18, 22 కిలోమీటర్లు ఇచ్చుననుకొన్నచో ఏడాదికి మిగులు 13,000 రూపాయలకు కొంచెము పైన మాత్రమే. వెలలోని తేడా తీరుటకు 30 సంవత్సరములు కావలెను. అన్నాళ్లు కారే ఉండదు. బాటరీ మార్చవలసి వచ్చినచో లెక్క మరింత తారుమారగును. అయితే లీటరు పెట్రోలు మండినచో సుమారు 2.3 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు పుట్టును. పట్టణములో మిగిలిన 400 లీటర్లు 920 కిలోగ్రాముల వాయువును గాలిలో కలియకుండ ఆపును. ఇది జేబు లెక్కలో చేరని లాభము.

ఉపాధ్యాయులు ఈ అంకెలకు బదులు తమ ఊరి దారులను, తమ వాహనములను తీసికొని విద్యార్థులచేత లెక్క కట్టింపవచ్చును. దానితోపాటు ఇంకొక లెక్కను మరువరాదు. లీటరు డీజిలుకు 5 కిలోమీటర్లే పోవు బస్సులో 50 మంది కూర్చున్నచో, ఒక్కొక్కరి వంతున లీటరుకు 250 కిలోమీటర్లు వచ్చును. ఒక్కడే కూర్చుండి పోవు ఏ జంటశక్తి కారును దానిని అందుకొనలేదు. నాడు కాలువలో నిండుగా సాగిన పడవ నేర్పిన పాఠము ఇదియే: ఒకే శ్రమతో ఎక్కువ భారమును మోయుటయే నిజమైన పొదుపు.