పాత పందెపుకారును కొనువారి చిక్కు



ఎద్దును కొనువాడు పండ్లు చూచును, సుడులు చూచును, కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూచును. గుఱ్ఱమును కొనువారికొఱకు మన పూర్వులు అశ్వలక్షణశాస్త్రములనే రచించిరి. నేడు నేను మనవి చేయబోవునదియు నొక కొనుగోలు వ్యవహారమే. కాని యిచ్చట అమ్మకమునకు వచ్చినది ప్రాణి కాదు, పాత మోటారు పందెపుకారు. ఇంగ్లండు, ఫ్రాన్సు, ఇటలీ మున్నగు దేశములలో అరువది, డెబ్బది, నూఱేండ్లనాటి పందెపుకార్లను వెదకి కొని, బాగుచేయించి, మరల పందెములలో తోలు సంపన్నులు పెక్కురు కలరు. ఆ వేడుక మనకు దూరమైనదే. దానియందలి చిక్కు మాత్రము మన తర్కశాస్త్రమునకు మిక్కిలి చేరువైనది. బడిలో చరిత్రమును, ఇంటి అరుగుమీద తర్కసంగ్రహమును చాలకాలము చెప్పినవాడను గనుక, ఆ చిక్కు నా మనస్సును పట్టినది.

మొదట ఈ వేడుక పుట్టుకను గూర్చి కొంచెము చెప్పవలెను. 1934 లో ఇంగ్లండునందు కొందఱు, క్రొత్తకార్లు పాతవానికి సాటిరావని తలచి, వింటేజ్ స్పోర్ట్సు కార్ క్లబ్బు అను సంఘమును స్థాపించిరి. 1930 వ సంవత్సరాంతములోపల తయారైన బండ్లే వారి యభిమానమునకు మొదటి పాత్రములు. ఇటలీలో బ్రెషియా పట్టణమునుండి రోమునకు పోయి మరల వచ్చు మిల్లె మిల్యా అను వేయిమైళ్ల పందెము 1927 లో మొదలై, 1957 లో ఘోరప్రమాదము జరిగి ప్రేక్షకులును మరణించుటతో ఆగిపోయినది. 1977 నుండి అదే పేర పాతబండ్ల యాత్ర నడచుచున్నది. అందు వేగమునకు గాక, కాలనియమమును తప్పకుండుటకే బహుమానము. ఇంగ్లండులోని గుడ్‌వుడ్ బాటపై పందెములు 1966 లో నిలిచిపోగా, 1998 లో పాతబండ్లతో వానిని మరల నెలకొల్పిరి. ఫ్రాన్సులోని లెమాన్ పట్టణమున 2002 నుండి ఇట్టి పందెము జరుగుచున్నది.

కొనదలచినవాడు ముందుగా కారును గాక పందెమును ఎన్నుకొనవలెనని తెలిసినవారు చెప్పుదురు. ఇది మంచి మాట. మిల్లె మిల్యాలో ప్రవేశము కావలెనన్నచో, 1927 మొదలు 1957 వఱకు ఆ పందెమున పాల్గొన్న జాతి కారే యుండవలెను. తక్కినది ఎంత యందమైనదైనను వాకిటనే నిలుచును. అంతర్జాతీయ మోటారు సమాఖ్యవారు పాతకార్లను కాలమునుబట్టి తరగతులుగా విభజించి, ప్రతి కారునకును ఒక పత్రము నిత్తురు. ఆ జాతి కారు ఆ కాలమున ఏ యంత్రముతో, ఏ చక్రములతో, ఏ బిరుసుతో పరుగెత్తినదో అందు వ్రాయబడియుండును. తన బండి ఆ వ్రాతకు సరిపోవలెను.

ఇచ్చటనే అనుభవములేనివాడు మోసపోవును. ఆ పత్రము బండి రూపమునకు సాక్ష్యము గాని, దాని వంశమునకు సాక్ష్యము కాదు. ఒక పాత పందెపుకారు నమూనాను అక్షరాలా అనుసరించి నిన్న కట్టిన కారునకును ఆ పత్రము దొరకవచ్చును. పరుగెత్తుటకు అది చాలును. అమ్ముడువోవునపుడు మాత్రము అసలు బండికిని దీనికిని గల భేదము ఏనుగునకును ఏనుగుబొమ్మకును గల భేదమే. మన గ్రామములలో శిస్తు రసీదును చూపి భూమి తనదేయనువాడు లేకపోలేదు గదా!

అసలు బండి యనగా నేమి? దీనికి సమాధానము 1990 లో లండను నగరమున హైకోర్టు చెప్పవలసివచ్చినది. ఆ వృత్తాంతమును కొంత విపులముగా చెప్పెదను.

డబ్ల్యు. ఓ. బెంట్లీ అను యంత్రశిల్పి 1919 లో తన పేర కార్ల కంపెనీని స్థాపించెను. లెమానులో ఇరువదినాలుగు గంటలు రాత్రింబవళ్లు ఆగక నడచు పందెము 1923 లో ప్రారంభమైనది. దానిలో బెంట్లీ కార్లు 1924 లో ఒకసారియు, 1927 మొదలు 1930 వఱకు వరుసగా నాలుగు సార్లును గెలిచెను. దక్షిణాఫ్రికా వజ్రపుగనులలో ధనమార్జించిన కుటుంబమునకు చెందిన వుల్ఫ్ బార్నటో ఈ కంపెనీకి పెట్టుబడి పెట్టి, తానే కారెక్కి, లెమానులో పాల్గొన్న మూడు సార్లును గెలిచెను. 1929 లో అతడును, సర్ హెన్రీ బిర్కినును కలసి తోలిన స్పీడ్ సిక్స్ అను ఆఱు సిలిండర్ల కారు మొదట రాగా, దాని వెనుక మఱి మూడు బెంట్లీలు వచ్చి మొదటి నాలుగు స్థానములను ఆక్రమించినవి. 1930 లో అదే కారును బార్నటోయు గ్లెన్ కిడ్‌స్టనును తోలి, జర్మనీవారి మెర్సిడీస్ అలసి విరమింపగా, మరల గెలిచిరి. ఆ కారునకు ఓల్డ్ నంబర్ వన్ అని పేరు నిలిచినది. మనము ‘పాత ఒకటవ నంబరు’ అనుకొందము.

ఇంత కీర్తి వచ్చినను కంపెనీకి ధనము నిలువలేదు. 1931 లో అది రోల్స్ రాయిస్ వారి వశమైనది. కారు మాత్రము పరుగు మానలేదు. 1932 నాటికి దానిలో ఎనిమిది లీటర్ల పెద్ద యంత్రము నమర్చిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో బ్రూక్‌లాండ్స్ అనుచోట జరిగిన ఐదువందల మైళ్ల పందెమున, క్లైవ్ డన్‌ఫీ అను యువకుడు తోలుచుండగా, కారు ఎత్తైన గట్టు అంచు దాటి అవతల పడినది. అతడు మరణించెను. దెబ్బతిన్న కారును బాగుచేయించి, పైకప్పు గల వీధికారుగా కట్టిరి. తరువాత అది చేతులు మారుచు వచ్చినది. చివరి యజమాని దానికి మరల తొల్లింటి పందెపు రూపు తెప్పించెను. 1990 లో ఒక కంపెనీ దానిని కోటి పౌనులకు కొనుటకు ఒప్పందము చేసికొని, పిమ్మట ఇది అసలు పాత ఒకటవ నంబరు కాదనుచు వెనుదీసెను. అమ్మినవాడు కోర్టు కెక్కెను.

న్యాయమూర్తి ఆటన్ ఒక్కొక్క భాగమును విచారించెను. 1929 లో గెలిచిన నాటి లోహము దాదాపుగా ఏమియు మిగులలేదని తేలినది. 1930 నాటిదియు స్వల్పమే. 1932 నాటి పెద్దయంత్రపు రూపమునకు చెందినది మాత్రము చెప్పుకొనదగినంత కలదు. అయినను తీర్పు అమ్మినవానికే అనుకూలముగా వచ్చినది. అన్ని భాగములును పుట్టినప్పటివే యైన బండి యను అర్థమున దీనిని అసలుది యనరాదు. కాని యిది ఎన్నడును మాయమై మరల పుట్టినది కాదు. విఱుగగొట్టి పాతయినుముగా అమ్మబడినది కాదు. ఒక రూపమునుండి మఱియొక రూపమునకు, ఒక యజమానినుండి మఱియొక యజమానికి తెగకుండ వచ్చినది. కావున ఇది ప్రామాణికమైన పాత ఒకటవ నంబరే యని తీర్పు సారాంశము.

ఈ తీర్పును చదివినపుడు నాకు నాగసేనుడు జ్ఞప్తికి వచ్చెను. యవనరాజైన మిలిందుడు రథమెక్కి వచ్చితిననగా, ఆ బౌద్ధభిక్షువు, ఇరుసు రథమా? చక్రము రథమా? నొగ రథమా? కాడి రథమా? అని యడిగి, దేనికిని ఔనని చెప్పలేని స్థితికి రాజును తెచ్చెను. మన నైయాయికులు అంతకంటెను కఠినులు. వస్త్రమునుండి ఒక్క నూలుపోగు తీసిన మాత్రమున పాతవస్త్రము నశించి, మఱియొక ఖండవస్త్రము పుట్టినదని వారి మతము. ఆ లెక్కన పందెమునడుమ ఒక చక్రము మార్చిన క్షణముననే పాత ఒకటవ నంబరు అంతరించినది. మొదలుపెట్టిన కారు ఒకటి, గెలిచిన కారు మఱొకటి! అట్టి నియమముతో శాస్త్రము నడచును గాని సంత నడువదు. పాతికేండ్ల క్రింద చూచిన దేవదత్తుని నెఱసిన తలతో చూచి, ఆ దేవదత్తుడే వీడని మనము గుర్తించుటలేదా? న్యాయమూర్తి పట్టుకొన్నది ఆ గుర్తింపునే.

నేనును ఆ తీర్పునే సమర్థింతును. కాని యొక్క మాట. కోటి పౌనుల వెలలో అధికభాగము 1929, 1930 ల విజయములకు కట్టిన వెల. ఆ విజయములను చూచిన యినుము బండిలో దాదాపు లేదు. కావున తెగని పరంపర యున్నదని చెప్పువాడు, ఆ పరంపరలో ఎప్పుడేది మారినదో కూడ నోరు విప్పి చెప్పవలెను. పరంపర మాట చెప్పి మార్పుల మాట దాచినచో అది సగము సత్యము. ఈ వ్యాపారమున సగము సత్యమునకు పలుకు వెల సామాన్యమైనది కాదు. 1962 మొదలు 1964 వఱకు ఇటలీలో మూడుపదులపై కొన్ని మాత్రమే తయారైన ఫెరారీ 250 జీ.టీ.ఓ. జాతి కారొకటి 2018 లో అమెరికా వేలమున నాలుగుకోట్ల ఎనుబదినాలుగు లక్షల డాలర్లకు పోయినది.

దీనికి వ్యతిరేకమైన యుదాహరణము జాగ్వార్ కంపెనీది. వారు 1963 లో అల్యూమినియపు రేకుతో తేలికయైన పందెపు ఈ-టైపు కార్లను పదునెనిమిది కట్టదలచి, పండ్రెండింటితో ఆపిరి. మిగిలిన ఆఱు నంబర్లు పుస్తకములో ఖాళీగా నుండెను. 2014 లో అదే కంపెనీ ఆ ఆఱింటిని కట్టి, ఆ నంబర్లనే వేసినది. పాత ఒకటవ నంబరునకు పరంపర కలదు, పాతలోహము లేదు. వీనికి నంబరు కలదు, పరంపర లేదు. నడుమ అర్ధశతాబ్దము ఖాళీ. అవి మంచి కార్లే కావచ్చును. కంపెనీవారు సంగతిని దాచనూలేదు. అయినను 1963 నాటి కారని వానిని పిలుచుటకు నా నోరు రాదు.

మఱి కొనువాడేమి చూడవలెను? కాగితములు ముందు, బండి వెనుక. ఛాసిస్ అను అడుగుచట్రము నంబరు, యంత్రము నంబరు, నాటి పందెముల ఫలితములు, నాటి ఛాయాచిత్రములు, యజమానుల వరుస — వీనిలో ఒక్క యేడు కనబడకున్నను ఆ యేడు బండి ఎక్కడనుండెనో యడుగవలెను. ఒక ధ్వంసమైన కారు చట్రమును ఒకరును, యంత్రమును వేఱొకరును కొని, ఇరువురును తమ ముక్క చుట్టు పూర్తి కారును కట్టుకొనుట కలదు. అప్పుడు ఒకే సర్వే నంబరునకు ఇద్దఱు పట్టాదారులు లేచినట్లగును. ఆ తగవు తేలువఱకు దానిని కొనకుండుటయే మేలు.

తరువాత బండిని చూడవలెను. పూర్వపు కార్లలో రేకుక్రింద కొయ్యచట్రముండును. రంగు నిగనిగలాడుచుండగా లోన కొయ్య పుచ్చియుండవచ్చును. ఇరుసులు, స్టీరింగు కడ్డీలు మున్నగు ఉక్కుభాగములను అయస్కాంతీకరించి ఇనుపపొడి చల్లినచో, కంటికి కానరాని బీటవెంట పొడి గీతవలె గుమిగూడును. ఈ పరీక్ష చేయింపక పాతకారును పందెమునకు దింపుట ప్రాణముతో చెలగాటము.

బీట కనబడిన ఇరుసును తీసి క్రొత్తది వేయవలసినదే. దానితో పాతలోహము మఱికొంత తఱుగును. ప్రతి పందెమును, తాను దేనికై కొన్నాడో దానినే కొంత తినివేయును. అందుచేత కొందఱు కారును కొట్టులో నిలిపి తాళము వేయుదురు. పరుగుకొఱకు పుట్టినదానిని అట్లు కట్టివేయుట నాకు నచ్చదు. తెలిసిన యజమానులు మధ్యమార్గమును పట్టుదురు. మార్చిన ప్రతి భాగమునకును తేదీ వేసి పుస్తకమున వ్రాసికొని, తీసివేసిన పాత ఇరుసును, పాత పళ్లచక్రమును పాతయినుము కొనువానికి అమ్మక, చీటి కట్టి పెట్టెలో దాచి, బండిని అమ్మునాడు ఆ పెట్టెను కూడ బండితో ఇచ్చివేయుదురు.