గొర్రెతోలు మీద కూర్చున్న కథ

మావారు బుల్లెట్ బండి సీటు మీద వేసుకోడానికి గొర్రెతోలు కొనుక్కొచ్చిన రోజున మా ఇంట్లో జరిగిన రభస అంతా ఇంతా కాదు. గేటు బయట సీటు మీద తెల్లగా బొచ్చు కనిపించేసరికి పక్కింటి కుక్క ఎక్కి పడుకుందేమో అనుకుని చీపురు పట్టుకెళ్లాను. ధర విన్నాక ఆ చీపురు ఎవరి మీద వాడాలో అర్థం కాలేదు. ఆ డబ్బుతో నాకు రెండు మంగళగిరి చీరలొచ్చేవి.

ఆయన బాధ ఆయనది. నెలకోసారి హైదరాబాదు నుంచి నరసరావుపేట, అత్తయ్యా మామయ్యలను చూసి రావాలి. బస్సెక్కమంటే వినరు. ఐదారు గంటల ప్రయాణం, యాభై దాటిన నడుము. వెనక కూర్చునే నా సంగతి ఎవరూ అడగరనుకోండి. చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చుంటే మిర్యాలగూడ వచ్చేసరికి ఒక కాలు నాది కాదు, పిడుగురాళ్ల వచ్చేసరికి రెండోదీ నాది కాదు.

ఇది దండగ ఖర్చని నిరూపించాలనే పట్టుదలతోనే చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నా వాదనే నీరుగారిపోయింది.

రష్యా దక్షిణాన అల్టాయ్ కొండల్లో పజిరిక్ అని ఒక లోయ ఉంది. అక్కడ మంచులో గడ్డకట్టిన సమాధుల్ని 1929లోనూ, మళ్లీ 1947 తర్వాతా తవ్వారు. అవి క్రీస్తుకు పూర్వం నాలుగు, మూడు శతాబ్దాల నాటివి. మనుషులతో పాటు వాళ్ల గుర్రాల్నీ, జీనుల్నీ పాతిపెట్టారు. మంచు పుణ్యమా అని తోలూ ఉన్నీ కుళ్లకుండా నిలిచాయి. ఆ జీను అంటే రెండు తోలు దిండ్లు. లోపల జింక వెంట్రుకలు, గడ్డి కూరి, పైన ఉన్నితో చేసిన కంబళి లాంటి గుడ్డ వేశారు. ఒక దిండు గుర్రం వెన్నెముకకి ఇటు, ఒకటి అటు. కూర్చున్నవాడి బరువు ఎముక మీద పడకుండా పక్కనున్న కండ మీద పడుతుందన్నమాట. సవారీ చేసేవాడి సుఖం ఒక్కటే కాదు, మోసే ప్రాణి వీపు పుండు పడకూడదనే ఆలోచన కూడా అందులో ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

ఆ తర్వాతి కాలపు గుర్రపు దండుల్లోనూ జీను మీద బొచ్చు కనిపిస్తుంది. నెపోలియన్ కాలంలో ఫ్రెంచి ఆశ్వికుల జీనుల మీద తెల్ల గొర్రెతోళ్లు పరిచేవారు. లండన్‌లో రాజుగారి అశ్వదళం ఊరేగింపుల్లో ఈనాటికీ వేస్తున్నారు.

మరి మనకెందుకు లేదీ అలవాటు? జవాబు గొర్రెలోనే ఉంది. మన నెల్లూరు జాతి గొర్రెకి ఉన్నే ఉండదు, పొట్టి వెంట్రుకలే. ఉన్ని ఇచ్చేది తెలంగాణ వైపు దక్కనీ గొర్రె. దాని నల్ల ఉన్నితో కురుమలు గొంగడి నేస్తారు, ఆడవాళ్లు నూలు వడుకుతారు, చింతగింజల గంజి పట్టిస్తారు. చలికి కప్పుకోడానికీ, వానకి నెత్తిన వేసుకోడానికీ, నేల మీద పరుచుకోడానికీ అదొక్కటే. అంతకంటే పాతది ఇంకోటుంది, ధ్యానానికి కృష్ణాజినం. భగవద్గీత ఆరో అధ్యాయంలో ఆసనం ఎలా ఉండాలో చెప్తూ దర్భలు, జింకతోలు, గుడ్డ వరసగా చెప్పారు. గంటల తరబడి కదలకుండా కూర్చునేవాళ్లకి కింద ఏముండాలో అప్పటికే తెలుసు!

ఇక మోటారు బండి. 1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి చేసిన చెక్కబండిని ప్రపంచంలో మొదటి మోటారు సైకిలంటారు. దాన్ని డైమ్లర్‌గారి కొడుకు పాల్ నడిపాడు. సీటు కింద సరిగ్గా ఇంజన్‌ని మండించే వేడి గొట్టం పెట్టారు. దారిలో సీటు అంటుకుంది! అంటే మోటారు సైకిల్‌తో పాటే కూర్చునేచోటి కష్టమూ పుట్టింది. అప్పటికే ఇంగ్లండులో బ్రూక్స్ అనే తోలు వ్యాపారి ఈ బాధ పడి ఉన్నాడు. 1878లో ఆయన గుర్రం చచ్చిపోతే సైకిల్ అరువు తెచ్చుకున్నాడట. దాని చెక్క సీటు భరించలేక తోలు సీటు చేసే పనిలో పడి, 1882లో పేటెంటు తీసుకున్నాడు. ఆ కంపెనీ తోలు సీట్లకి ఇప్పటికీ పేరుంది.

ఇవన్నీ మగవాళ్ల కథలు. నాకు బాగా నచ్చింది ఒక తల్లీకూతుళ్ల కథ. 1915లో న్యూయార్క్ బ్రూక్లిన్ నుంచి ఎఫీ హాచ్‌కిస్ అనే అమ్మాయి హార్లీ డేవిడ్సన్ మీద శాన్‌ఫ్రాన్సిస్కో బయల్దేరింది. పక్కనున్న తొట్టి బండిలో వాళ్లమ్మ ఏవిస్. అప్పటికి అక్కడ సరైన రోడ్లు లేవు. ఇసుకా, బురదా, గతుకులూ. దారిలో ఒకచోట తొట్టి చక్రం ట్యూబు పోయింది, మారుద్దామంటే ఇంకోటి లేదు. వాళ్లేం చేశారనుకున్నారు? దుప్పటి కత్తిరించి, చుట్టచుట్టి టైరులో కూరి నడిపించుకుపోయారు. ఇంట్లో సామాన్లతో గండం గట్టెక్కించడం ఆడవాళ్లకి ఏ దేశంలోనైనా ఒకటే కదా. వెంట తెచ్చుకున్న అట్లాంటిక్ నీళ్లని పసిఫిక్‌లో పోశారు. రైలెక్కి తిరిగొచ్చారనుకోకండి, మళ్లీ ఆ బండి మీదే వచ్చారు. ఆ తొట్టిలో వాళ్లమ్మ నడుము ఎలా ఉందో ఎవరైనా రాసుంటే బాగుండేది.

ఇప్పుడు అమెరికాలో దూరప్రయాణాల పిచ్చివాళ్లకి ఒక సంఘమే ఉంది. ఇరవైనాలుగు గంటల్లో వెయ్యి మైళ్లు, అంటే 1,600 కిలోమీటర్ల పైన నడిపితే సర్టిఫికెట్ ఇస్తారు. ఆ పరీక్ష పేరు సాడిల్ సోర్. జీను పుండు అని అర్థం. అలాంటివాళ్లు గొర్రెతోలు వాడటం మామూలే, విమానం నడిపేవాళ్ల సీట్ల మీదా అది కనిపిస్తుంది. అందులో మంత్రమేం లేదు. దట్టంగా నిలబడిన ఉన్ని పోగులు సన్న స్ప్రింగుల్లా బరువుని పంచుతాయి. వాటి మధ్య గాలి ఆడుతుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా చేతికి తడి తగలదు. అందుకే ఎండాకాలంలోనూ రెగ్జిన్ సీటు కంటే నయం.

మనకి చట్టం కూడా ఒక సాయం చేసింది లెండి. 1989 మోటారు వాహనాల నిబంధనల్లో వెనక కూర్చున్నవాళ్లకి పట్టుకోడానికి పిడి, కాళ్లకి ఆసరా, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికి అడ్డు ఉండాలని ఉంది. మనం శారీ గార్డ్ అంటామే, అదే. చీర సంగతి చూశారు, నడుము సంగతి మర్చిపోయారు.

కిందటేడు అత్తయ్య స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయ్యాక ఇంటికి తెచ్చిన వారానికి మడమ మీద, నడుము కింద ఎరుపు కనిపించింది. చూసిపోడానికి వచ్చిన నర్సమ్మ వేలితో నొక్కి చూపించింది. నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫరవాలేదు, నొక్కినా ఎర్రగానే ఉంటే పుండుకి మొదలు. చామనఛాయ ఒంటికి ఎరుపు తెలియకపోతే వేడి, గట్టిదనం చేత్తో చూసుకోవాలంది. నాకు పజిరిక్ గుర్రం వీపు గుర్తొచ్చింది.

మెల్‌బోర్న్ ఆసుపత్రిలో 441 మంది రోగుల మీద చేసిన పరీక్ష 2004లో అచ్చయింది. వైద్యానికని తయారుచేసిన గొర్రెతోలు మీద పడుకోబెట్టిన వాళ్లలో నూటికి పదిమందికి లోపు పుళ్లు పడితే, మామూలు ఏర్పాట్లతో ఉన్నవాళ్లలో పదహారు పదిహేడుమందికి పడ్డాయి. డాక్టరుగారిని అడిగితే, "వేయండి, కానీ రెండు గంటలకోసారి పక్క మార్చడం మాత్రం మానొద్దు" అన్నారు.

అత్తయ్య ఒప్పుకోలేదు. "చచ్చిన జీవం తోలు నా మంచం మీదా? మీ బండి మీదే ఉంచుకోండి" అని మొహం తిప్పుకున్నారు. ఎప్పుడూ నోరెత్తని మామయ్య అప్పుడు అన్నారు. "మన పిల్లాడి ఒడుగులో జందేనికి కట్టిన ముక్క ఏమిటే? జింకతోలేగా. నువ్వు మడికి కట్టే ధావళి ఉన్ని కాదూ?" ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం నన్ను పిలిచి, "శుభ్రంగా ఉతికావా?" అన్నారు.

ఉతికాను. గోరువెచ్చని నీళ్లు, ఉన్ని బట్టల సబ్బు, నీడలో ఆరబెట్టడం. ఎండలో వేస్తే తోలు అప్పడంలా బిగుసుకుపోతుంది. ఆరాక దువ్వెనతో దువ్వాలి. నర్సమ్మ చెప్పినట్టు మీద దుప్పటి వేయకుండా నడుము కింద పరిచాం, పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచాం. రాత్రిళ్లు పక్క మార్చడానికి నేనూ మావారూ వంతులేసుకున్నాం. పది రోజులకి ఎరుపు తగ్గింది. తోలు వల్లో, అలారం పెట్టుకు లేచిన మా నిద్ర వల్లో విడదీసి చెప్పలేను.

ఇప్పుడు అత్తయ్య కర్ర పట్టుకుని నడుస్తున్నారు. తోలు మాత్రం ఇవ్వనంటున్నారు, పడక్కుర్చీలో వేసుకున్నారు. మావారు మళ్లీ రెగ్జిన్ సీటు మీదే వెళ్తూ, పిడుగురాళ్లలో దిగి నడుము పట్టుకుంటున్నారు. కొత్తది కొందామంటున్నారు. ఈసారి వెనక సీటుకి కూడా సరిపోయేంత పెద్దది చూడమన్నాను.