ముంపులో పోవాల్సిన మలుపు

1972 జనవరి. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపం. గోర్డన్ నది వెంట కొందరు ఒక మనిషి కోసం వెతుకుతున్నారు. నీళ్లలో జారి, వరద వడికి కొట్టుకుపోయిన ఆ మనిషి పేరు ఒలేగాస్ ట్రుచానాస్. వయసు 48. వెతికేవాళ్లలో ఇరవై ఆరేళ్ల పీటర్ డోంబ్రోవ్‌స్కిస్ కూడా ఉన్నాడు. నదిలో శవం చివరికి అతనికే కనిపించింది.

పోయినవాడు అతనికి గురువు. తండ్రి లేని పీటర్‌కు తండ్రిలాంటివాడు కూడా.

ఇద్దరూ కాందిశీకులే. ట్రుచానాస్‌ది లిథువేనియా. రెండో ప్రపంచ యుద్ధం దేశాన్ని మింగేశాక, 1948లో బతుకు వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాడు. పీటర్ లాత్వియా దంపతుల బిడ్డ. 1945లో జర్మనీలోని శరణార్థి శిబిరంలో పుట్టాడు. తండ్రి యుద్ధంలో ఏమయ్యాడో తెలియలేదు. తల్లి అయిదేళ్ల పిల్లాణ్ణి తీసుకుని 1950లో టాస్మేనియాలోని హోబర్ట్ నగరం చేరింది. సొంత ఊరు పోగొట్టుకున్న ఈ ఇద్దరూ కొత్త నేలలోని కొండల్ని, వాగుల్ని కన్న ఊరికన్నా ఎక్కువగా గుండెకు హత్తుకున్నారు.

ట్రుచానాస్ పనిచేసేది ప్రభుత్వ జలవిద్యుత్ సంస్థలో, గుమాస్తాగా. అదే సంస్థ పెడ్డర్ సరస్సును ముంచే ప్రాజెక్టు తలపెట్టింది. కొండల నడుమ చిన్న సరస్సు, దాని ఒడ్డున లేత గులాబీ రంగు ఇసుక తిన్నె. వేసవిలో చిన్న విమానాలు దిగేంత విశాలమైనది. జాతీయ పార్కుగా ప్రకటించిన చోటు అది. ఉప్పు తిన్న ఇంటికి ఎదురు చెప్పడం గుమాస్తాకు తేలిక కాదు. అందుకని ఆయన స్లైడ్లు చూపించేవాడు. హోబర్ట్ టౌన్‌హాల్లో చీకటి చేసి, తెర మీద ఆ ఇసుకనూ ఆ నీళ్లనూ ఒక్కొక్కటిగా పరిచేవాడు. జనం కిక్కిరిసి చూసేవారు.

ఆ స్లైడ్ల వెనక ఇంకో కథ ఉంది. 1967 ఫిబ్రవరి 7న హోబర్ట్ చుట్టూ కార్చిచ్చు చెలరేగి 62 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ మంటల్లో ట్రుచానాస్ ఇల్లు కాలిపోయింది. ఏళ్ల తరబడి ఒంటరిగా నదుల్లో పడవేసుకుని తిరిగి తీసిన ఫోటోలన్నీ దాదాపు బూడిదయ్యాయి. మరొకరైతే కెమెరా అటక మీద పెట్టేసేవారు. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. తీసిన చోట్లకే మళ్లీ వెళ్లాడు, ఎక్కిన కొండలే మళ్లీ ఎక్కాడు. ఎందుకంత తొందర? ఆ చోట్లు నీళ్ల కిందికి పోబోతున్నాయి మరి. గోర్డన్ నదిలో ప్రాణం పోయింది కూడా ఆ పని మీద ఉండగానే.

ఆయన పోయిన ఏడాదే పెడ్డర్ మునిగింది. తిన్నె మీదికి నీళ్లు ఎక్కాయి. ఫోటోలు మాత్రమే మిగిలాయి.

ఈ కథలో నన్ను వెంటాడేది ఆ తరవాతి పదేళ్లు. డోంబ్రోవ్‌స్కిస్ మితభాషి. ఉపన్యాసాలు ఇచ్చే మనిషి కాడు. గాలి నింపిన రబ్బరు పడవలో రోజుల తరబడి తిండీ గుడారమూ వేసుకుని, గోర్డన్‌కు ఉపనది అయిన ఫ్రాంక్లిన్ మీద సాగేవాడు. వెంట లిన్‌హాఫ్ కెమెరా. అది మెడలో వేలాడేసుకుని టకటకా నొక్కే సరుకు కాదు. ముక్కాలిపీట మీద బిగించాలి. నల్లగుడ్డ కప్పుకుని లోపలికి తల దూర్చాలి. గరుకు గాజు పలక మీద నది తలకిందులుగా కనిపిస్తుంది, ఆకాశం కిందికీ నీళ్లు పైకీ. చిన్న భూతద్దం ఆనించి రాయి అంచు పదునుగా కనబడే దాకా సరిచేయాలి. ఆ తరవాత అరచేయంత ఫిల్మ్ షీటు ఒక్కటే, జాగ్రత్తగా దూర్చాలి. ఇంతలో గాలి వీచి ఆకు కదిలిందా, మళ్లీ కాచుకోవాలి. ఇన్ని షీట్లని లెక్క పెట్టుకుని మోసుకెళ్లినవాడు ఏదో ఒకటి తీసేసి ఊరుకోలేడు. చూసి చూసి, ఒక్కటి తీస్తాడు.

అలా తీసినదే రాక్ ఐలాండ్ మలుపు. నల్లని నీళ్లు ఒక రాతి దిబ్బను చుట్టి తిరుగుతుంటాయి. దిబ్బ మీద చెట్లు. పాపికొండల దగ్గర గోదావరి ఇరుకున పడినట్టు రెండు వైపులా అడవి దగ్గరికి వచ్చి నిలబడుతుంది. మీద తెల్లవారుజాము పొగమంచు. అందులో మనిషి లేడు, పడవ లేదు. అయితే మనుషులెరుగని చోటు అనుకుంటే పొరపాటు. ఆ నది ఒడ్డున కుటికినా గుహలో దాదాపు 20,000 ఏళ్ల కిందట, మంచు యుగంలో, ఆదివాసులు నివసించిన ఆనవాళ్లు 1981లో బయటపడ్డాయి.

ఆ మలుపు కూడా ముంపు ప్రాంతమే. ఫ్రాంక్లిన్ కలిసే చోటుకు దిగువన గోర్డన్ మీద డ్యామ్ కడతామన్నారు. ఏడాదిలో పదకొండు నెలలు అది జలగలు నిండిన గోధుమరంగు కాలవేనని టాస్మేనియా రాష్ట్ర ప్రభుత్వాధినేత (ప్రీమియర్) రాబిన్ గ్రే తీసిపారేశాడు. ఆ నదిని కళ్లారా చూసినవాళ్లు ఎందరని? దట్టమైన అడవి, దారి లేదు. చూడనివాళ్లు ఆయన మాట నమ్మక ఏం చేస్తారు?

1982 డిసెంబర్ 14న ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. సరిగ్గా ఆ రోజే ఉద్యమకారులు పడవలతో నదికి అడ్డం నిలవడం మొదలుపెట్టారు. నాయకుడు బాబ్ బ్రౌన్, వృత్తిరీత్యా డాక్టరు. వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారు. ప్రాజెక్టు మానుకుంటే 50 కోట్ల డాలర్లు ఇస్తామని కేంద్రం అడిగితే, గ్రే కుదరదన్నాడు. ఇంతలో జాతీయ ఎన్నికలు వచ్చాయి. పోలింగ్ 1983 మార్చి 5న.

ఆ వారంలోనే సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్, ది ఏజ్ పత్రికలు తెరిచినవాళ్లకు నిండు పేజీలో, రంగుల్లో, రాక్ ఐలాండ్ మలుపు ఎదురైంది. దినపత్రికలో రంగుల పేజీ అరుదైన రోజులవి. దీన్ని నాశనం చేసే పార్టీకి మీరు ఓటు వేయగలరా అని ఫోటోతో పాటు ఒక ప్రశ్న. టాస్మేనియా గడప తొక్కనివాళ్ల ఇళ్లలోకి ఆ పొగమంచు కాఫీ కప్పు పక్కకు వచ్చి కూర్చుంది. గ్రే చెప్పిన జలగల కాలవ ఏదీ? అందులో ఎక్కడా కనిపించలేదు.

డ్యామ్ ఆపుతామన్న బాబ్ హాక్ పార్టీ గెలిచింది. ఒక్క ఫోటోతోనే గెలిచిందనను. ధరలూ నిరుద్యోగమూ కూడా ఆ ఎన్నికల్లో ఓట్లు తిప్పాయి. టాస్మేనియాలో అయితే అయిదు సీట్లూ ప్రత్యర్థి పార్టీకే పోయాయి. డ్యామ్ వస్తే పని దొరుకుతుందని నమ్మినవాళ్ల ఆకలిని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ దూరాన ఉన్నవాళ్లు తామెన్నడూ చూడని నది కోసం పట్టుబట్టారంటే, ఆ నదిని వాళ్ల ఇంటికి మోసుకొచ్చినవాడి చలవ అందులో ఉంది. ఇది నా నమ్మకం.

డ్యామ్‌ను కేంద్రం ఆపగలదా లేదా అన్న వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఆ దేశంలో అదే అత్యున్నత న్యాయస్థానం. ఆ అడవి తాలూకు రంగుల ఫోటోలు చూపబోతే ప్రధాన న్యాయమూర్తి హ్యారీ గిబ్స్ ఒప్పుకోలేదు. సంబంధం లేని విషయాలతో అవి మనసులను రెచ్చగొడతాయన్నాడు. చిత్రానికి ఎంత బలముందో ఆ నిరాకరణే చెబుతుంది. 1983 జులై 1న తీర్పు వచ్చింది. నలుగురు కేంద్రం పక్షం, ముగ్గురు రాష్ట్రం పక్షం. ఒకే ఒక్క ఓటు తేడాతో డ్యామ్ ఆగింది.

డోంబ్రోవ్‌స్కిస్ ఆ తరవాత కూడా కొండలు వదల్లేదు. 1996లో టాస్మేనియా నైరుతి అడవుల్లోని వెస్టర్న్ ఆర్థర్స్ పర్వతాల్లో ఫోటోలు తీస్తుండగా గుండె ఆగింది. గురువు నదిలో పోయాడు, శిష్యుడు కొండ మీద. ఇద్దరూ కెమెరా పని మీదే.

పెడ్డర్ తిన్నె ఇప్పటికీ నీళ్ల కిందే ఉంది. రాక్ ఐలాండ్ దిబ్బను చుట్టి ఫ్రాంక్లిన్ ఈ రోజు కూడా పారుతోంది.