క్రూయిజ్ ఓడల్లో సూట్ మర్యాదలు, పాత ప్రయాణికుల హోదాలు

క్రూయిజ్ ఓడల్లో టికెట్‌తో అందరికీ వచ్చేవి కాక కొందరికి అదనంగా దక్కే సౌకర్యాలు రెండు దారుల్లో వస్తాయి. ఖరీదైన సూట్ గది తీసుకున్నందుకు ఆ ఒక్క ప్రయాణానికి దక్కేవి ఒక రకం. ఒకే కంపెనీ ఓడల్లో ఏళ్ల తరబడి తిరిగినందుకు హోదా రూపంలో దక్కేవి రెండో రకం. మొదటిది డబ్బు కడితే వస్తుంది, దిగగానే పోతుంది. రెండోదాన్ని ఓడలో గడిపిన రాత్రులు పోగేసి సంపాదించాలి. ఎవరికి ఏ మర్యాద చెయ్యాలో సిబ్బందికి ప్రయాణికుల చేతిలోని కార్డు చెబుతుంది. గది తలుపు తీయడానికీ, బిల్లు కట్టడానికీ, రేవులో దిగి ఎక్కడానికీ ఆ కార్డే. దాని రంగు, దాని మీద అచ్చయిన హోదా పేరు చూసి ఎదుటివాళ్లు మనిషిని అంచనా వేస్తారు. మన ఇళ్లలో మర్యాదంతా కొత్తల్లుడికే, పాతబడే కొద్దీ తగ్గుతుంది. ఓడ మీద లెక్క తిరగబడుతుంది.

పోయిన తరగతులు

అట్లాంటిక్ దాటించే పాత ఓడల్లో తరగతుల మధ్య దాపరికమేమీ లేదు. 1912 నాటి టైటానిక్‌లో బి డెక్ మీద రెండు పార్లర్ సూట్లకు సొంత వరండాలుండేవి, ఒక్కోటి సుమారు 15 మీటర్ల పొడవు. అదే ఓడలో ఏడు వందల మందికి పైగా ఉన్న మూడో తరగతి మొత్తానికి స్నానపు తొట్లు రెండే. 1936లో బయలుదేరిన క్వీన్ మేరీలో పై తరగతివాళ్లు కూడా అదనపు రుసుము కట్టి భోంచేసే వెరాండా గ్రిల్ ఒకటి ఉండేది. తరగతి లోపల మరో తరగతి అన్నమాట.

1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ మీద రోజువారీ ప్రయాణం మొదలుపెట్టాక ఓడ ఎక్కి ఊరు చేరాల్సిన అవసరం తీరిపోయింది. మిగిలింది విహారం. కరీబియన్‌లో తిరిగే కొత్త ఓడలు అందరికీ ఒకటే భోజనశాల, ఒకటే ఈతకొలను అని చెప్పుకుని జనాన్ని రప్పించాయి. గదుల్లో పెద్దవీ చిన్నవీ ఉన్నా, గది బయటికొచ్చాక అందరూ సమానమే. ఆ సమానత్వం కొన్ని దశాబ్దాలు నడిచింది.

పాత పద్ధతిని పూర్తిగా వదలనిది బ్రిటన్‌కు చెందిన క్యూనార్డ్. 1840లో అట్లాంటిక్ టపా మోయడంతో మొదలైన కంపెనీ ఇది. ఇప్పటికీ వీళ్ల ఓడల్లో ఏ గది తీసుకుంటే ఆ గదికి తగ్గ భోజనశాల. 2004లో సేవలోకి వచ్చిన క్వీన్ మేరీ 2లో మామూలు గదులవాళ్లు రెండంతస్తుల బ్రిటానియాలో తింటారు. సూట్లవాళ్లకు ఏడో డెక్ మీద ప్రిన్సెస్ గ్రిల్, క్వీన్స్ గ్రిల్ అని రెండు చిన్న శాలలు. అక్కడ ప్రయాణమంతా మీ బల్ల మీదే, వడ్డించే మనిషీ ఆయనే. ఎప్పుడు ఆకలైతే అప్పుడు వెళ్లవచ్చు. క్వీన్స్ గ్రిల్‌లో మెనూలో లేనిది కూడా ముందుగా చెప్పి చేయించుకోవచ్చు. రెండో రోజుకే వడ్డించే ఆయన మీ అలవాట్లు కనిపెట్టేస్తాడు. గ్రిల్ సూట్ ధరలో గణనీయమైన భాగం ఈ గుర్తుపెట్టుకోవడానికే అనిపిస్తుంది.

ఓడలో ఓడ

మిగతా కంపెనీలు క్యూనార్డ్ చేసినట్టు నేరుగా చెయ్యలేదు. తరగతి అనే మాట వాడకుండా గోడ కట్టాయి. నార్వీజియన్ క్రూయిజ్ లైన్ 2000ల మధ్యలో కొన్ని ఓడల పై డెక్‌లో విల్లాల మధ్య లోగిలి, అందులో చిన్న కొలను పెట్టి, ఆ ఏర్పాటుకు తర్వాత ‘ది హేవెన్’ అని పేరు పెట్టింది. ఎమ్మెస్సీ అనే కంపెనీ 2008లో ఫాంటాసియా ఓడతో ‘యాట్ క్లబ్’ తెచ్చింది. ఓడ ముందు భాగంలో, ఎత్తున, కార్డు పెడితే తప్ప తెరుచుకోని తలుపుల వెనక దానికి సొంత లాంజ్, సొంత భోజనశాల, సొంత కొలను, రాత్రీ పగలూ బట్లర్ ఉంటాయి. సెలెబ్రిటీ కంపెనీ తన సూట్ల ప్రపంచానికి ‘ది రిట్రీట్’ అని పేరు పెట్టుకుంది. ఈ పద్ధతికి వ్యాపార భాషలో ‘ఓడలో ఓడ’ అని పేరు పడింది.

వేలమంది ఎక్కే ఓడ మీద ప్రశాంతత అన్నిటికన్నా అరుదైన సరుకు. దాన్ని కొద్దిమందికి అమ్మాలంటే మిగతావాళ్ల చోటు కొంత తీసుకోక తప్పదు. ఒకప్పుడు ఎవరైనా వెళ్లి గాలికి నిలబడి సముద్రం చూడగలిగిన ముందు డెక్ ఇప్పుడు చాలా ఓడల్లో సూట్లవాళ్ల ఎండపడకల కింద ఉంది. పాతకాలపు ప్రయాణికులు ఈ విషయంలో పడే బాధలో న్యాయం ఉంది.

రాయల్ కరీబియన్ 2016లో పెద్ద ఓడల్లోని సూట్లను సీ, స్కై, స్టార్ అని మూడు అంతస్తులుగా విడగొట్టింది. పైనున్న స్టార్‌లో పానీయాలు, ఇంటర్నెట్, అదనపు రుసుము ఉండే భోజనశాలలన్నింట్లో భోజనం, సిబ్బందికిచ్చే టిప్పులు అన్నీ ధరలోనే కలిసిపోతాయి. వాటితోపాటు ‘జీనీ’ అని ఒక మనిషిని కేటాయిస్తారు. ప్రదర్శనకు ముందు వరుసలో సీట్లు పట్టి ఉంచడం, పిల్లల్ని జారుడుబల్ల దగ్గరికి దగ్గరి దారిలో తీసుకెళ్లడం, అర్ధరాత్రి ఫలానా వంటకం కావాలంటే గదికి తేవడం ఆ మనిషి పని. అరేబియన్ నైట్స్ భూతం పేరును ఉద్యోగికి పెట్టడం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, కానీ ప్రయాణికులకు ఆ పేరే నచ్చింది. 2024 జనవరిలో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో మూడంతస్తుల కుటుంబ సూట్ ఒకటుంది. పై అంతస్తు నుంచి కిందికి రావడానికి మెట్లతోపాటు జారుడుబల్ల కూడా కట్టారు.

సూట్ తీసుకున్నంత మాత్రాన ఖర్చు అక్కడితో ఆగుతుందనుకోకూడదు. స్టార్ తరగతి కానివాళ్లకు టిప్పులు విడిగానే ఉంటాయి, మామూలు గదులవాళ్లకంటే ఎక్కువ కూడా. 2024 నవంబర్ నుంచి రాయల్ కరీబియన్‌లో మామూలు గదికి మనిషికి రోజుకు 18.50 డాలర్లయితే సూట్‌కు 21 డాలర్లు.

రాత్రుల లెక్క

విమాన కంపెనీల్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో మైళ్ల లెక్క మొదలుపెట్టినట్టే, ఓడల కంపెనీలు రాత్రుల లెక్క పట్టుకున్నాయి. రాయల్ కరీబియన్ ‘క్రౌన్ అండ్ యాంకర్ సొసైటీ’లో రాత్రికి ఒక పాయింటు. 30కి ప్లాటినం, 55కి ఎమరాల్డ్, 80కి డైమండ్, 175కి డైమండ్ ప్లస్, 700కి పినాకిల్. సూట్‌లో ఉంటే రాత్రికి రెండు. ఒక్కరే ఉండి ఇద్దరి ఛార్జీ కడితే ఇంకో పాయింటు కలుస్తుంది.

ఈ అంకెలను జీవితాల్లోకి మార్చి చూస్తే సంగతి తెలుస్తుంది. ఏడాదికో వారం చొప్పున మామూలు గదిలో తిరిగే దంపతులకు డైమండ్ రావడానికి పన్నెండేళ్లు పడుతుంది. అదే సూట్‌లో అయితే ఆరేళ్లు. మామూలు గదిలో పినాకిల్ కావాలంటే ఆ లెక్కన సరిగ్గా నూరేళ్లు కావాలి. కాబట్టి ఆ కార్డు ఉన్నవాళ్లలో ఎక్కువమంది పిల్లలు స్థిరపడ్డాక నెలల తరబడి ఓడలోనే కాపురం చేసే విశ్రాంత ఉద్యోగులు. ఒకే చిరునామాలో ఉండే భార్యాభర్తల్లో ఒకరి హోదా రెండోవారికీ వర్తిస్తుంది. పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండేవరకు తల్లిదండ్రుల హోదా ఉంటుంది.

లెక్క అన్ని కంపెనీల్లో ఒకటి కాదు. డిస్నీ రాత్రులు కాక ప్రయాణాలు లెక్కపెడుతుంది. ఐదు పూర్తయితే గోల్డ్, పది పూర్తయితే ప్లాటినం, ఇరవై ఐదుకు పెర్ల్. ప్రిన్సెస్ కంపెనీలో ప్రయాణాలైనా రోజులైనా చెల్లుతాయి. పదిహేను ప్రయాణాలో నూట యాభై రోజులో దాటినవాళ్లు ‘ఎలీట్’. 1873లో పుట్టిన హాలండ్ అమెరికా లైన్ ఇప్పటికీ నిజమైన పతకాలిస్తుంది. 100 రోజులకు కంచు, 300కు వెండి, 500కు బంగారం, 700కు ప్లాటినం. ప్రయాణం మధ్యలో ఒక సభ పెట్టి కెప్టెన్ వాటిని అందజేస్తాడు. ఎనభై ఏళ్ల పెద్దావిడ ఆ పతకాన్ని మెడలో వేసుకుని మిగతా రోజులన్నీ భోజనానికి రావడం ఆ ఓడల్లో మామూలు దృశ్యం.

చేతికందేవి

ఇచ్చేవాటిలో పెద్ద ఖర్చుతో కూడుకున్నవి తక్కువ. రాయల్ కరీబియన్‌లో డైమండ్ వాళ్లకు రోజుకు నాలుగు పానీయాలు ఉచితం, డైమండ్ ప్లస్‌కు ఐదు, పినాకిల్‌కు ఆరు. మొదట్లో వీళ్లందరినీ సాయంత్రం ఒక లాంజ్‌లో కూర్చోబెట్టి పోసేవాళ్లు. కొన్ని ప్రయాణాల్లో హోదా ఉన్నవాళ్లు అంతమంది తేలేసరికి గది చాల్లేదు. దాంతో ఆ పానీయాలను కార్డులోకి ఎక్కించి, ఏ బార్‌లోనైనా తాగమన్నారు.

అన్నిటికన్నా జనం మనసు పడేది బట్టల ఉతుకుడు. ప్రిన్సెస్ ఎలీట్ వాళ్లకు అది ఉచితం. అలమారలో సంచి ఉంటుంది. విడిచిన బట్టలు అందులో కుక్కి, చీటీ రాసి, మంచం మీద పెట్టి రేవులోకి వెళ్లిపోవచ్చు. ఉతికి, మడతపెట్టి, చొక్కాలు హ్యాంగర్లకు తగిలించి గదికి తెచ్చిస్తారు. నెల రోజుల ప్రయాణానికి రెండు సూట్‌కేసుల బదులు ఒక్కటి చాలుతుంది. సొంతంగా ఉతుక్కునే గదిలో ఖాళీ మెషీన్ కోసం కాచుకునే పని తప్పుతుంది. ఆ గదిలో జరిగే తగాదాలు చూసినవాళ్లకే ఈ సంచి విలువ అర్థమవుతుంది.

రెండోది వరుస తప్పించడం. కేమన్ దీవుల్లోని జార్జ్‌టౌన్‌లో పెద్ద ఓడలు ఆనడానికి జెట్టీ లేదు. లోతు నీళ్లలో లంగరు వేసి, టెండర్ అనే చిన్న పడవల్లో మనుషుల్ని ఒడ్డుకు చేరుస్తారు. ఉదయం ఎనిమిదిన్నరకల్లా మూడు నాలుగు వేలమంది టోపీలు, సంచులు, సన్‌స్క్రీన్ పూసిన పిల్లలతో సిద్ధం. అంకె వేసిన చీటీ పుచ్చుకుని నాటకశాలలో కూర్చుంటారు. ‘పదకొండో నంబరు’ అని మైకులో పిలుస్తుంటే చేతిలో ఇరవై ఆరు. ఆ సమయంలో సూట్లవాళ్ల చిన్న గుంపును వాళ్ల పనులు చూసే కాన్సియర్జ్ పక్క మెట్ల మీదుగా నేరుగా పడవ దగ్గరికి దింపుతుంది. వాళ్ల వెనకే పై హోదాలవాళ్లు. తిరుమలలో సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో కూర్చుని బ్రేక్ దర్శనంవాళ్లను చూసిన తెలుగువాడికి ఈ దృశ్యం విడమరిచి చెప్పనక్కర్లేదు.

వరుస తప్పించడం కుదరని చోటు కూడా ఒకటుంది. ప్రమాద సమయంలో ఎవరు ఎక్కడికి చేరాలో చెప్పే మస్టర్ కసరత్తు నుంచి ఏ కార్డుకూ మినహాయింపు లేదు. 2012లో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ మునిగాక అంతర్జాతీయ నిబంధన మార్చి, 2015 నుంచి ఈ కసరత్తు ఓడ బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనో పూర్తవ్వాలన్నారు. సూట్‌లో ఉన్నా, పినాకిల్ అయినా హాజరు వేయించుకోవాల్సిందే.

ఎవరు ముందు

రెండు దారులూ ఒకచోట కలిసినప్పుడు గొడవ మొదలవుతుంది. ఇరవై ఏళ్లుగా కిటికీ లేని గదిలో తిరిగి డైమండ్ ప్లస్ అయిన మనిషి, మొదటిసారి ఓడెక్కి సూట్ తీసుకున్న మనిషి. సూట్ లాంజ్‌లోకి రెండోవాడు వెళతాడు, మొదటివాడిని తలుపు దగ్గరే ఆపుతారు. ‘ఈ కంపెనీని నిలబెట్టింది మేము’ అని ఒకరు. ‘ఈ ఒక్క వారానికి నేను కట్టింది నీ పది ప్రయాణాల ఖర్చు’ అని ఇంకొకరు. కంపెనీల లెక్కల్లో రెండో వాదనకే బరువు పెరుగుతోంది. అందుకే సూట్‌లో ఉన్నవాళ్లకు రెట్టింపు పాయింట్లు పెట్టి, డబ్బుతో కాలాన్ని కూడా కొనుక్కునే వీలిచ్చారు.

కార్నివాల్ కంపెనీ ఇంకో అడుగు వేసింది. రాత్రుల లెక్క వదిలేసి ఖర్చు చేసిన సొమ్మును బట్టి హోదా ఇచ్చే కొత్త పద్ధతిని 2026 జూన్ నుంచి తెస్తున్నామని 2025లో ప్రకటించింది. ఆ ప్రకటన ప్రకారం హోదా జీవితాంతం ఉండదు, గడువు ఉంటుంది. చౌక గదుల్లో ఏళ్ల తరబడి పాయింట్లు కూడబెట్టినవాళ్లు దీన్ని మాట తప్పడంగానే చూశారు. మరోవైపు పోటీ కంపెనీల హోదాను తమ దగ్గరా గుర్తిస్తామని ఎమ్మెస్సీ పిలుస్తోంది. ఒకే యాజమాన్యంలోని రాయల్ కరీబియన్, సెలెబ్రిటీ, సిల్వర్‌సీ 2024లో ఒకదాని హోదాను మరొకటి ఒప్పుకోవడం మొదలుపెట్టాయి.

తెలుగు తీరంలో

అమెరికాలో డాలస్, హ్యూస్టన్ తెలుగువాళ్లకు దగ్గరి రేవు గాల్వెస్టన్. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు మూడు తరాలూ కలిసి ఎక్కేది అక్కడే. ఇలాంటి కుటుంబాలకు సూట్ బట్లర్ కన్నా పక్కపక్క గదులు, శాకాహారం ముందే రాయించడం ముఖ్యం. ఈ రెండూ ఏ హోదా లేనివాళ్లకూ అడిగితే దొరుకుతాయి.

మన తీరానికి 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఎంప్రెస్ ఓడ వచ్చింది. చెన్నై నుంచి విశాఖపట్నం తాకిన ఈ ఓడను చూడటానికి జనం బాగానే ఆసక్తి చూపారు. 2023 సెప్టెంబర్‌లో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఈ ఎంప్రెస్‌ది పాత ప్రాణమే. 1990లో రాయల్ కరీబియన్ దీన్ని నార్డిక్ ఎంప్రెస్ పేరుతో నీళ్లలోకి దించింది. మధ్యలో కొన్నేళ్లు స్పెయిన్ సంస్థ చేతికెళ్లి, మళ్లీ ఎంప్రెస్ ఆఫ్ ది సీస్‌గా తిరిగొచ్చి 2020లో అమ్ముడుపోయింది. ఇప్పుడు సూట్లలో పైనున్నదాన్ని కార్డీలియా ఛైర్మన్స్ సూట్ అంటోంది. క్రౌన్ అండ్ యాంకర్ వాళ్లు ఒకప్పుడు ఈ గదుల్లోనే రాత్రులు లెక్కపెట్టుకున్నారు.