పెరట్లో రాకెట్టు: మందు పోయినా మిగిలిన పనితనం

కృష్ణా జిల్లాలోని మా ఊళ్ళో, దీపావళికి పది రోజుల ముందే మా పెరడు చిన్న కార్ఖానా అయిపోయేది. తాతయ్య సూరేకారం, గంధకం, బొగ్గుపొడి వేరువేరు చాటల్లో ఎండబెట్టించేవారు. పిల్లలందరం పాత నోటుపుస్తకాలు చింపి, మైదాపిండి ఉడికించిన జిగురుతో గొట్టాలు చుట్టేవాళ్ళం. మతాబులు, చిచ్చుబుడ్లు, సిసింద్రీలు అన్నీ ఇంట్లో తయారైనవే. ఒక ఏడు మా పిన్ని కొడుకు, నాకు అన్నయ్య వరస, సిసింద్రీలో మందు దట్టిస్తుంటే అది చేతిలోనే అంటుకుంది. ఇప్పటికీ ఆయన కుడిచేతి వేళ్ళు రెండు పూర్తిగా ముడుచుకోవు. మరుసటి ఏడు నుంచి తాతయ్య బాణసంచా బజార్లోనే కొనిపించారు. పెరట్లోంచి మందు పోయింది, మంచిదే. కానీ దాంతోపాటు గొట్టాలు చుట్టే పని, అది నేర్చుకునే సరదా కూడా పోయాయి.

ఇది జరిగిన చాలా ఏళ్ళకు, అమెరికాలో మా ఇంట్లో, ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి "నాన్నా, మన గరాజులో రాకెట్టు చేద్దామా?" అని అడిగింది. నా కళ్ళ ముందు మెదిలింది అన్నయ్య అరచేయి. వెంటనే వద్దన్నాను. అది ముఖం ముడుచుకుని వెళ్ళిపోయాక మనసొప్పక ఈ సరదా చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ నాకు తెలిసినదేమిటంటే, మా తాతయ్యకు ఎదురైన చిక్కే ఈ దేశంలోనూ ఎదురైంది. అయితే వీళ్ళు మందును మాత్రం బయటికి పంపి, పనిని పిల్లల చేతుల్లోనే ఉంచగలిగారు. ఆ కథ మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

చెప్పుల కొట్టులో పుట్టిన రాకెట్టు

ఈ దేశపు రాకెట్టు చరిత్ర అనగానే రాబర్ట్ గొడార్డ్ పేరు గుర్తుకొస్తుంది. 1926 మార్చి 16న మసాచుసెట్స్‌లోని ఆబర్న్ దగ్గర ఒక పొలంలో ఆయన ఎగరేసిన ద్రవ ఇంధన రాకెట్టు రెండున్నర సెకన్లు ఎగిరి, 41 అడుగుల ఎత్తుకు వెళ్ళింది. అది మహాశాస్త్రజ్ఞుని కృషి. పిల్లలు చేసుకునే రాకెట్టుకు మూలపురుషుడు మాత్రం నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్‌ఫోక్ అనే ఊళ్ళో చెప్పుల కొట్టు నడుపుకునే ఆర్విల్ కార్లైల్. ఆయనకు బాణసంచా మీద మోజు. తమ్ముడో అన్నో గానీ, సోదరుడు రాబర్ట్‌కు చిన్న విమానాల నమూనాలు చేయడం మీద మోజు. ఒకరికి మందు సంగతి తెలుసు, ఇంకొకరికి రెక్క సంగతి తెలుసు. ఆ రెండూ కలిసి 1954లో తేలికైన కాగితపు గొట్టంతో, కొయ్య రెక్కలతో ఒక రాకెట్టు తయారైంది. కాలిపోయిన మోటారు తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు. పైకి వెళ్ళాక పారాచూటు విచ్చుకుని మెల్లగా దిగుతుంది. దానికి 'రాక్-ఎ-షూట్' అని పేరు పెట్టారు.

ఈ రాకెట్టు ఆయన పెరట్లోనే ఉండిపోయేదేమో. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ ప్రయోగ కేంద్రంలో పనిచేసిన హ్యారీ స్టైన్ అనే ఇంజనీరు రాకెట్ల భద్రత గురించి పత్రికల్లో రాస్తుండేవాడు. అది చదివిన కార్లైల్ 1957లో తన రాకెట్లను ఆయనకు పంపాడు. ఎగరేసి చూసిన స్టైన్‌కు వెంటనే తట్టింది: సొంతంగా మందు కలిపి చేతులు కాల్చుకుంటున్న పిల్లలకు కావలసింది ఇదేనని. ఆ ఏడే డెన్వర్‌లో ఒక కంపెనీ పెట్టాడు. జాతీయ రాకెట్టు సంఘమూ ఆ సంవత్సరమే ఏర్పడింది.

స్పుత్నిక్ రేపిన నిప్పు

1957 అక్టోబరు 4న రష్యా స్పుత్నిక్‌ను ఎగరేసింది. అమెరికాలో ఊరూరా కుర్రాళ్ళు ఆకాశం వంక చూశారు. ఆ తరువాత పెరట్లోకి వెళ్ళి మందు కలపడం మొదలుపెట్టారు. వెస్ట్ వర్జీనియాలో కోల్‌వుడ్ అనే బొగ్గుగని ఊళ్ళో హోమర్ హికమ్ అనే కుర్రవాడు మొదట పేల్చింది వాళ్ళమ్మ గులాబీ తోట కంచెని! అయినా పట్టు వదలలేదు. గని వర్కుషాపులోని పనివాళ్ళు ఇనుప గొట్టాలు, నాజిళ్ళు చేసిపెట్టారు. ఊరి బయట గని చెత్త పోసే చోట ఎగరేశారు. 1960లో జాతీయ విజ్ఞాన ప్రదర్శనలో పతకం గెలిచి, ఆ తరువాత నాసాలో ఇంజనీరు అయ్యాడు. ఆయన రాసుకున్న జ్ఞాపకాలే 1999లో 'అక్టోబర్ స్కై' సినిమాగా వచ్చాయి.

ఆ సినిమా చూస్తే మనకూ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ అలాగే ఇనుప గొట్టాల్లో మందు కూరిన కుర్రాళ్ళందరికీ హికమ్ అదృష్టం కలిసిరాలేదు. కొందరికి వేళ్ళు పోయాయి, కొందరికి ప్రాణాలే పోయాయి. వాళ్ళ మీద సినిమాలు రాలేదు.

మేబెల్ చేసిన మేలు

పిల్లల చేతిలోంచి మందు తీసేయాలంటే దాన్ని ఎవరో ఒకరు నమ్మకంగా, చవకగా చేసిపెట్టాలి. స్టైన్ అందుకోసం డెన్వర్‌లో బాణసంచా చేసే ఒక కుటుంబాన్ని వెతికి పట్టుకున్నాడు. ఆ ఇంటి కుర్రవాడు వెర్న్ ఎస్టెస్ మోటార్లు తయారుచేసే ఒక యంత్రం కట్టి, దానికి ముద్దుగా 'మేబెల్' అని పేరు పెట్టాడు. అయిదారు సెకన్లకు ఒక మోటారు చొప్పున అది చేసి పడేసేది. 1961లో ఆయన కంపెనీ కొలరాడోలోనే పెన్‌రోజ్ అనే చిన్న ఊరికి తరలింది.

ఆ మోటారును చూస్తే మన సిసింద్రీకి అక్కయ్యలా ఉంటుంది. బొటనవేలంత లావు కాగితపు గొట్టం, అడుగున బంకమట్టి నాజిల్, లోపల నల్లమందు. ఆ పైన మెల్లగా కాలే మరో పొర. రాకెట్టు జోరు తగ్గి పైకి చేరేదాకా అది కాలుతుంది. చివర ఉండే కాస్త మందు పారాచూటును బయటికి తోస్తుంది. దానిమీద 'ఎ8-3' అని రాసి ఉంటే, ఎ అన్నది మొత్తం శక్తి తరగతి, 8 సగటు తోపు న్యూటన్లలో, 3 పారాచూటుకు ముందు ఆగే సెకన్లు. ఒక్కో అక్షరం పెరిగినకొద్దీ శక్తి పరిమితి రెట్టింపవుతుంది.

దీంతోపాటు నియమాలూ వచ్చాయి. ఇనుము వాడకూడదు. అగ్గిపుల్లతో అంటించకూడదు, బ్యాటరీ తీగతోనే ముట్టించాలి. చిన్న మోటార్లకు 15 అడుగుల దూరంలో నిలబడాలి. అయిదు అంకెలు వెనక్కి లెక్కపెట్టాలి. మోటారు పేలకపోతే దగ్గరికి పరుగెత్తకూడదు.

మరి పిల్లలకు మిగిలిందేమిటి అంటారా? అసలు పనంతా మిగిలింది. నిటారుగా ఎగరాలంటే రాకెట్టు బరువు కేంద్రం గాలి ఒత్తిడి కేంద్రానికి ముందుండాలి. రెక్కలు ఎంత ఉండాలో లెక్కగట్టే పద్ధతిని నాసా ఇంజనీరు జేమ్స్ బారోమన్ 1966లో ఈ సరదాపరుల ముందే పెట్టాడు. ఎక్కడో పరిశోధనశాలలో ఉండవలసిన లెక్క హైస్కూలు పిల్లల నోటుపుస్తకాల్లోకి వచ్చింది. 2003లో మొదలైన జాతీయ పోటీలో బడిపిల్లలు పచ్చి కోడిగుడ్డును ఎక్కించి, పగలకుండా దింపుతున్నారు.

మా గరాజు

ఇదంతా చదివాక అమ్మాయి దగ్గరికి వెళ్ళి "పద" అన్నాను. గరాజులో ఒక మూల పాత తలుపు చెక్క బల్లగా వేశాం. పదునైన కత్తి, గరుకు కాగితం, కొయ్యజిగురు, బాల్సా చెక్క, ఒక స్కేలు. సామానంతా కలిపి ఒక బూట్ల పెట్టెలో పట్టింది. మోటార్లు మాత్రం వేరే డబ్బాలో, వేడి తగలని చోట, తాళం వేసి.

గొట్టం కొనుక్కోవచ్చు. కానీ నేను మైదా జిగురు ఉడికించాను. గుండ్రటి కర్రకు కాగితం చుట్టడం నా చేతులు మరిచిపోలేదు. మా అమ్మాయి మూడు గొట్టాలు పాడుచేసి నాలుగోది సాఫీగా చుట్టింది. బాల్సా గీతలు రెక్క ముందంచుకు సమాంతరంగా ఉండాలని దానికి నేను చెప్పలేదు, ఒకటి విరిగాక అదే కనుక్కుంది. బరువు కేంద్రం దగ్గర దారం కట్టి గిరగిరా తిప్పి చూశాం, ముక్కు ముందుకే ఉంది.

మా పెరడు ఎగరేయడానికి చాలదు. ఎ తరగతి మోటారుకే నలువైపులా 100 అడుగుల ఖాళీ స్థలం కావాలి, సి తరగతికి 400. అనుమతి తీసుకుని ఒక పెద్ద మైదానానికి వెళ్ళాం. మొదటిసారి పారాచూటును గట్టిగా కూరడంతో అది విచ్చుకోలేదు. రాకెట్టు నేలను గుద్దుకుని ముక్కు పగిలింది. మా అమ్మాయి ఏడవబోయి, "పొట్లంలా కాకుండా చీరలా మడతపెట్టాలి నాన్నా" అంది. రెండోవారం తెల్లటి పారాచూటు విచ్చుకుని గాలిలో తేలుతూ దిగింది.

ఆ రాత్రి అన్నయ్యకు వీడియో పంపాను. రాకెట్టు ఎంత ఎత్తు ఎగిరిందని ఆయన అడగలేదు. "గొట్టం ఎవరు చుట్టారురా?" అన్నాడు. మా అమ్మాయి అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఈసారి వచ్చేటప్పుడు ఒకటి తీసుకురా" అన్నాడు.

1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి రాకెట్టు కూడా చిన్న రోహిణియే. అదే గడ్డమీద నుంచి 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరింది. పెద్ద రాకెట్టుకైనా చిన్న రాకెట్టుకైనా సూత్రం ఒకటే. ఈ సభలు ముగించుకుని ఇళ్ళకు వెళ్ళాక, మీ గరాజులో ఒక మూల ఖాళీ చేయండి. మందు సంగతి తెలిసినవాళ్ళకు వదిలేయండి. గొట్టం చుట్టడం మాత్రం మీ పిల్లలకు మీరే నేర్పండి.